గీత కింద పాత నేల

రేపల్లె నుంచి సముద్రం వైపు వెళ్లే బస్సులో మా ఊళ్లో దిగితే ముందు కనబడేది శివపార్వతమ్మ మజ్జిగ కుండ. ఎండాకాలమంతా అది రామాలయం గోడ నీడనే ఉంటుంది. కండక్టరుకు చెంబు నిండా పోసిస్తూనే, "పెద్దావిడ దిగుతోంది, కాస్త ఆపయ్యా! ఏంటా తొందర?" అని కసురుతుంది. ఆవిడ చదువు ఐదో తరగతి. భర్త సుందరయ్యతో కలిసి వరి, దాని వెనక మినుము పండిస్తుంది. ఎవరింట్లో జ్వరమని విన్నా చారు గిన్నెతో బయల్దేరుతుంది.

ఆవిడ ఏనాడూ మానని పని ఇంకొకటి ఉంది. ఏటా ఉప్పెన వచ్చిన రోజున తలస్నానం చేసి, రామాలయం మండపంలో ఒక స్తంభం మీదున్న గీతకు నూనెలో కలిపిన సిందూరం పూస్తుంది. ఆ తర్వాత వచ్చినవాళ్లందరికీ పులిహోర పెడుతుంది.

డెబ్బై ఏడులో సముద్రం మా ఊరి మీదికి వచ్చినప్పుడు ఆవిడ పలక పట్టిన పిల్ల. గుళ్లో తలదాచుకున్న జనం తోపులాటలో తల్లి చెయ్యి వదిలిపోయింది. అప్పటి పూజారి వేంకటేశ్వర్లు గారు ఆ పిల్లను భుజాల మీద కూర్చోబెట్టుకుని, ఆ స్తంభాన్ని వాటేసుకుని నిలబడ్డారు. నీళ్లు పెరిగి పెరిగి ఆయన పెదవుల దగ్గర ఆగాయి. "నోరు తెరిస్తే ఉప్పునీళ్లు. రామయ్యను మనసులోనే పిలిచాను, ఆయనకు వినబడింది" అనేవారు తర్వాత. పొద్దున్నే పిల్లను తల్లికి అప్పజెప్పి, ఆంజనేయస్వామి సిందూరంతో ఆ గీత పెట్టింది ఆయనే. ఆయన పోయి చాలా కాలమైంది.

ఈలోగా ఊళ్లో రోడ్డు వేసిన ప్రతిసారీ కాస్త ఎత్తు పెరిగింది. వాన నీళ్లు గుళ్లోకి మళ్లుతున్నాయని మండపం నేలా లేపారు. గీత ఉన్నచోటే ఉంది, నేల దాని దగ్గరికి ఎక్కివచ్చింది.

మొన్న కార్తీకంలో జగన్నాథరావు వచ్చాడు. మా ఊరివాడే, తెనాలిలో రైసు మిల్లు ఉంది. ఆ గీత దగ్గర ఉప్పెన గుర్తుగా నల్లరాతి ఫలకం పెట్టిస్తానన్నాడు. శివపార్వతమ్మ మురిసిపోయింది. అతని వెంట వడ్లమూడిలో చదువుతున్న కొడుకు కార్తీక్ కూడా వచ్చాడు. కుర్రాడు స్తంభం పక్కన నిలబడి గీత తనకెంత ఎత్తుందో చూసుకున్నాడు.

"ఏంటి పెద్దమ్మా, నా నడుం దాకేనా? దీన్నేనా ఉప్పెనంటారు?"

ఆవిడ ముఖం చిన్నబోయింది. జగన్నాథరావు సర్దిచెప్పాడు. "వాడి మాటకేం గాని అక్కా, ఫలకం పైన పెట్టిద్దాం. దూలం దగ్గర గీత గీయిస్తాను. చూసినవాళ్లకు భయం కలగాలి."

"వద్దు తమ్ముడూ."

"ఎవరు కొలుస్తారక్కా? మంచికేగా!"

"అంత పైకి నీళ్లొస్తే పంతులు గారు మునిగిపోయినట్టేగా? మరి నేనెవరి భుజాల మీద బతికాను?" అంది ఆవిడ. "అట్టాగని ఇట్టాగే ఉంచితే, నడుం లోతు నీళ్లలో నిలబడ్డందుకా ఇంత గొప్ప అంటారు. మీ వాడు అననే అన్నాడు."

"మరేం చేద్దామంటావు?"

"గీత జోలికి పోవద్దు. నేలను దించండి."

అందరూ నవ్వారు. సుందరయ్య కూడా, "గుంట తవ్వితే వానాకాలం నీళ్లు నిలుస్తాయే, ఎవరు తోడతారు?" అన్నాడు.

"నేను తోడతాను. సముద్రాన్నే చూసినదాన్ని, ఈ గుంటెడు నీళ్లకు జడుస్తానా?"

ఉప్పెన రోజుకల్లా స్తంభం చుట్టూ మనిషి నిలబడేంత మేర తవ్వించారు. సిమెంటు కింద మట్టి, మట్టి కింద అప్పటి నాపరాళ్లు బయటపడ్డాయి. శివపార్వతమ్మ కొంగుతో వాటిని తుడిచి, వంగి కళ్లకద్దుకుంది.

"నువ్వు దిగు తమ్ముడూ. పంతులు గారిదీ నీ ఎత్తే" అంది.

జగన్నాథరావు చెప్పులు బయటే విడిచి వచ్చాడు. పాత రాళ్ల మీదికి దిగి స్తంభానికి ఎదురుగా నిలబడ్డాడు. సిందూరపు గీత సరిగ్గా అతని పెదవుల దగ్గరికి వచ్చింది. ఏదో అనబోయి నోరు మూసుకున్నాడు. మెల్లగా గడ్డం పైకెత్తాడు.

"ఇప్పుడు భుజాల మీద ఒక పిల్ల ఉందనుకో" అంది ఆవిడ.

ఫోటో తీస్తున్న కార్తీక్ ఫోను కిందికి దించి, తండ్రి పైకి రావడానికి చెయ్యి అందించాడు.

"ఫలకం మీద ఏం రాయించమంటావక్కా?" అని జగన్నాథరావు అడిగాడు.

"ముందు పంతులు గారి పేరు. దాని కింద, ఆయన పెదవుల దాకా అని రాయించు. చాలు" అంటూ ఆవిడ పులిహోర గిన్నె మూత తీసి, మొదటి విస్తరి కార్తీక్ ముందు వేసింది.