కొసరుగా వచ్చిన కన్నం

మాసికలను టోకున కొన్నవాడు బెంగళూరు మొత్తానికి నేనొక్కణ్నే అని ఇప్పటికీ ఛాతీ విరుచుకుని చెప్పగలను. అయిదు మాసికలు, మూడింటి ధర. నాకు ముందు ఆ బేరం ఎవరూ ఆడలేదు. నా తర్వాత కూడా ఆడి ఉండరు, తర్వాతివాళ్లకు బుద్ధి ఉంటుంది కాబట్టి.

ఇవి చొక్కాకు వేసే మాసికలు కావు. రెండు వేల సంవత్సరం దాటిన కొత్త రోజులవి. కుందలహళ్ళిలో ఒక ఆంధ్రా మెస్ పైన రెండు గదులు అద్దెకు తీసుకుని, పీణ్యలో చిన్న చిన్న ఫ్యాక్టరీలు నడిపేవాళ్లకు వెబ్ పేజీలు చేసిపెట్టేవాణ్ని. ఆ పేజీలను నా దగ్గరే ఒక కంప్యూటర్లో ఉంచి నెలనెలా అద్దె తీసుకునేవాణ్ని. మెస్ పక్కన ఇంటర్నెట్ సెంటర్ ఉండేది. దాని యజమానితో మూడు వారాలు బేరమాడి, ఆయన లైన్లోంచి ఒక పాయ నా గదిలోకి లాక్కున్నాను. పేజీలుండే కంప్యూటర్‌ని సర్వర్ అనేవాళ్లం. అది నా టేబుల్ కింద కాళ్లకు తగులుతూ ఉండేది. చలికాలంలో పాదాలకు వెచ్చగా ఉండేది కూడా. ఆ సుఖం లాభం కిందే రాసుకున్నాను.

నేను పెరిగింది హిందూపురం బజారులో, బట్టల కొట్టు వెనక ఇంట్లో. చిల్లరగా కొనేవాడు తెలివితక్కువవాడనీ, బేరం తెగాక కొసరు అడగనివాడు అంతకన్నా తెలివితక్కువవాడనీ పలక పట్టకముందే నాకు తెలుసు. చీర కొన్నవాళ్లు జాకెట్టు ముక్క అడుగుతారు. అదిచ్చాక చేతిరుమాలు అడుగుతారు. మా నాన్న లోలోపల తిట్టుకుంటూ ఇచ్చేవాడు. తాను సరుకు దించుకునే రోజున మాత్రం అంతకు రెండింతలు కొసరు గుంజేవాడు.

సర్వర్ బిగించడానికి వచ్చినతను, "పేజీలు చూపించడానికి ఏం కావాలో అదొక్కటే వేస్తాను సార్" అన్నాడు. ఆ 'ఒక్కటే' దగ్గర నాకు అనుమానం పుట్టింది.

"ఆ సీడీలో ఇంకేం ఉన్నాయి?"

"చాలా ఉన్నాయి. మీకు పనికిరావు."

"డబ్బెక్కువవుతుందా?"

"లేదు సార్, అన్నీ దాంట్లోనే వస్తాయి."

"అయితే అన్నీ వెయ్యి."

పదకొండు వచ్చాయి. పేజీల్లో మాటలు వెతికిపెట్టేది ఒకటి, దూరాన్నుంచి ప్రింటు తీసేది ఒకటి, నమూనా దుకాణం ఒకటి, మిగిలినవి ఏం చేస్తాయో వేసినవాడికీ తెలియదు. వాటిలో ఒక్కటి కూడా నేను ఎన్నడూ వాడలేదు. కానీ పదకొండూ ఊరికే వచ్చాయన్న తృప్తితో చాలా రోజులు హాయిగా నిద్రపోయాను.

ఆ తృప్తిని మొదట చెడగొట్టింది అనంతపురం నుంచి వచ్చిన ఒక అమ్మాయి. అక్కడికి దగ్గర్లోనే ఉన్న టెక్ పార్కులో సర్వర్లు చూసుకునే ఉద్యోగం ఆమెది. మధ్యాహ్నాలు మెస్‌లో తినేది. అక్కడే పరిచయమై, శనివారాలు వచ్చి నా సర్వర్‌ను కూడా చూడడానికి ఒప్పుకుంది. మొదటి శనివారమే తెర ముందు కూర్చుని నొసలు ముడిచింది.

"ఇన్ని ఎందుకు పెట్టినావన్నా?"

"ఊరికే వచ్చాయమ్మా."

"ఊరికే వచ్చినాయి సరే. వీటికి కన్నాలుండాయి. కనుక్కున్నప్పుడల్లా కంపెనీవాళ్లు ప్యాచ్ ఇస్తాంటారు. అంటే మాసిక. వేసుకోకపోతే ఎవడైనా లోపలికొస్తాడు."

కన్నంలోంచి మనిషి ఎలా వస్తాడో నాకు అర్థం కాలేదు. మా కొట్టు సంగతి తెలిసిన మనిషి కాబట్టి ఆ భాషలోనే చెప్పింది.

"సర్వర్ అంటే మీ నాయన కొట్లో గుమాస్తా అనుకో. ఎవరొచ్చి ఏం అడిగితే అది తీసిచ్చేదే వాని పని. ఎవడో ఒకడొచ్చి ఊపిరి తీసుకోకుండా మైలు పొడుగు మాట అడిగినాడు. వినీ వినీ గుమాస్తాకు తల తిరిగె. ఆ మాట చివర్లో 'గల్లాపెట్టె తాళం ఇయ్యి' అని ఉంటే అది కూడా ఇచ్చేస్తాడు. అంతే."

"అంత తెలివితక్కువ గుమాస్తానా?"

"వాడు మంచోడే. నువ్వు ఊరికే వచ్చినారని పెట్టుకున్న పదకొండు మంది అసిస్టెంట్లుండారు చూడు, వాళ్లు."

మాసికకు రెండు వందల యాభై అడిగింది. చిల్లర రేటు అనిపించింది నాకు. అయిదు పోగయ్యాక ఒక్కసారి వచ్చి వేస్తే మూడింటి డబ్బిస్తానన్నాను.

"పోగేసేకి ఇవేమన్నా కొబ్బరికాయలా?" అంది. వేళ్ల మీద లెక్కపెట్టుకుని, "నాకేం, నాలుగు శనివారాలు మిగులుతాయి. మధ్యలో ఏమైనా అయితే నన్ననొద్దు, ఇప్పుడే చెప్తాండా" అని ఒప్పుకుంది. ఆ సాయంత్రం మెస్‌లో నా డబ్బుతో ఒక ఆమ్లెట్ అదనంగా చెప్పుకున్నాను.

నెల రోజుల్లో మూడు మాసికలు పోగయ్యాయి.

అదే సమయంలో పీణ్యలో నా పాత ఖాతాదారు ఒకాయనకు గడ్డు రోజులు నడుస్తున్నాయి. తాతల నాటి నుంచి బెంగళూరులోనే ఉంటున్న తెలుగాయన, నేను మామా అని పిలిచేవాణ్ని. మిషన్లలో ఇరుసులకు తొడిగే ఇత్తడి బుష్షులు చేసే చిన్న షెడ్డు ఆయనది. నాలుగు లేతు మిషన్లలో రెండింటి మీద అప్పటికే టార్పాలిన్ కప్పేశాడు. అలాంటప్పుడు జర్మనీలో ఒక వ్యాపారి ఆయన పేజీ చూస్తానని రాశాడు. గురువారం, మన టైము ప్రకారం మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు, తన ఇంజనీర్లను కూర్చోబెట్టుకుని చూస్తాడట. మరో ఇద్దరి పేజీలు కూడా చూసి, ఒకరికి ఆర్డర్ ఇస్తాడట.

"అది దొరికిందంటే టార్పాలిన్ తీస్తానప్పా," అన్నాడు మామ. "లేకుంటే ఆ రెండూ అమ్మేయాల్సిందే."

"పేజీ సంగతి నాకొదిలెయ్యి మామా" అన్నాను, మీసం లేకపోయినా తడుముకుంటూ.

మంగళవారం ఆ అమ్మాయి ఆఫీసు నుంచి ఫోన్ చేసింది.

"అన్నా, నాలుగోది వచ్చింది. వెతికిపెట్టేదాంట్లో కన్నం. చెడ్డది. అయిదోదానికి కాసుకోవద్దు, ఈ రోజే వేస్తాం."

"వారం పది రోజులకొకటి వస్తున్నాయి కదమ్మా. శనివారానికి అయిదోది వచ్చేయదూ?"

"వస్తాదో రాదో ఎవరికి తెలుసు, అదేమన్నా రైలా? కన్నం కోసం కాసుకుని కూర్చున్న మనిషిని నిన్నే చూస్తాండా. పోనీ ఆ వెతికేదాన్ని తీసెయ్యి. తీసేదానికి డబ్బులొద్దు."

"ఊరికే వచ్చినదాన్ని తీయడమెందుకు? ఉంటే ఎప్పుడైనా పనికొస్తుంది."

ఆమె ఫోన్ పెట్టేసిన చప్పుడును బట్టి, ఆమె అభిప్రాయమేమిటో నాకు బాగానే తెలిసింది.

గురువారం పొద్దున పది గంటలకు ఇంటర్నెట్ సెంటర్ యజమాని కింది నుంచి అరవడం మొదలుపెట్టాడు. లైను ఈడ్చుకుంటోందట, కూర్చున్నవాళ్లు లేచిపోతున్నారట, నేను పైన ఏం చేస్తున్నానట. నేనేం చేయడం లేదని నిజాయితీగానే అరిచాను. పదకొండున్నరకు మామ ఫోన్ వచ్చింది. పీణ్యలో నెట్ సెంటర్ నుంచి చేస్తున్నాడు.

"ఏమప్పా, నా పేజీలో ఎవడో ఇంగ్లీషులో ఏందో రాసి పెట్టుండాడే? నా బుష్షులు ఏడకి పోయె?"

తెరిచి చూశాను. ఫోటోలు లేవు, కొలతలు లేవు. తెల్లటి పేజీ మీద ఎవరో ఎర్రక్షరాలతో తమ గొప్ప చాటుకున్నారు. మిగతా అయిదుగురు ఖాతాదారుల పేజీలూ అంతే.

"ఊరికే గాబరా పడద్దు మామా. ఒంటిగంటన్నరకు ఉంటాయి."

"ఉండకపోతే?"

ఫోన్ పెట్టేసి ఆమె ఆఫీసుకు చేశాను.

"లైను పీకెయ్యి. ఇప్పుడే" అంది.

"పీకితే పేజీ కనిపించదు కదమ్మా!"

"ఇప్పుడు కనపడతాండాదా?"

పీకేశాను. వెంటనే కింది నుంచి, "ఆ, ఇప్పుడు సరిపోయె చూడు!" అని యజమాని కేక వినిపించింది. ఆ కేక అర్థం కావడానికి నాకు ఇంకో గంట పట్టింది.

ఆమె సగం రోజు సెలవు పెట్టి ఆటోలో వచ్చేసరికి పన్నెండున్నర దాటింది. తిట్టలేదు. తిడితే బాగుండేది. ఏవో ఫైళ్లు తెరిచి చూపించింది. బయటివాళ్లు వచ్చి మా గుమాస్తాను అడిగిన మాటలన్నీ వరసగా రాసి ఉన్నాయి. వాటిలో ఒకదాంట్లో ఒకే అక్షరం, దర్జీ కాలు తీయడం మరిచిపోయిన మిషను కుట్టులాగా, తెర ఈ కొస నుంచి ఆ కొసకు, మళ్లీ ఈ కొసకు సాగిపోయింది. ఇదే ఆ మైలు పొడుగు మాట.

"మనిషి కూర్చుని చేసేది కాదన్నా ఇది. పురుగు. ఒక సర్వర్‌లో దూరి, అక్కడి నుంచి కనపడిన తలుపులన్నీ తడతాది. తెరుచుకున్నదాంట్లో దూరి, అది మళ్లా ఇంకొన్నిటిని తడతాది. పొద్దున్నుంచి నీది అదే పని చేస్తాండాది. లైను అందుకే ఈడ్చింది."

"పోతుందా?"

"డిస్కులో దిగలేదు, నీ పేజీలకేం కాలేదు. గుమాస్తా తలలో తిరుగుతాండాది అంతే. ఆపి మళ్లా పెడితే పోతాది. లైను తగిలిస్తే మళ్లా వస్తాది, కన్నం ఉన్నన్ని రోజులూ."

"నాలుగో మాసిక?"

"అది వేసేకి ముందు ఆ మూడూ వేయాల. ఒక్కోదానికీ ఆపి, లేపి... టైమెంత?"

ఒంటిగంటకు అయిదు నిమిషాలు.

"ఆ వెతికేదాన్ని తీసేస్తే?" అన్నాను.

"రెండు నిమిషాలు."

నేను వంగి టేబుల్ కింద సర్వర్ వైపు చూశాను. ఆమె కుర్చీ నా వైపు తిప్పింది.

"అన్నా, ఇంగా యోచన చేస్తాండావా?"

"తీసెయ్యమ్మా."

సర్వర్ ఆగింది, లేచింది. వెతికిపెట్టేది పోయింది. ఒంటిగంటా పదిహేను నిమిషాలకు నా చేత్తోనే లైను తగిలించాను. పేజీ తెరుచుకోవడం నెమ్మదే ఆ రోజుల్లో. పైన షెడ్డు పేరు వచ్చింది, తర్వాత నీలం గుడ్డ మీద పేర్చిన ఇత్తడి బుష్షులు ఒక్కో వరుసా దిగివచ్చాయి. ఆ నీలం గుడ్డ మా కొట్టుదే. మామకు ఫోన్ చేస్తే ఆయన గొంతు పీణ్య నెట్ సెంటరంతా మారుమోగి ఉంటుంది.

"వచ్చినాయప్పా! వచ్చినాయి నా బుష్షులు!"

ఒంటిగంటన్నర దాకా ఇద్దరం ఆ అడిగిన మాటల ఫైలునే చూస్తూ కూర్చున్నాం. పురుగు మళ్లీ వచ్చింది. అదే పొడుగు మాట, ఎక్కడెక్కడి నుంచో. ప్రతిసారీ మా గుమాస్తా ఒకటే జవాబు చెప్పాడు: అలాంటిది ఇక్కడ లేదు. మా నాన్న కొట్లో 'లేదు' అనే మాట ఎవరి నోటా రాకూడదు. సరుకు లేకపోతే 'రేపొస్తుంది' అనాలి, రంగు లేకపోతే ఇంకో రంగు పరచాలి. నలభై ఏళ్ల వయసులో ఆ రోజు 'లేదు' అన్న మాట అంత చల్లగా ఉంటుందని మొదటిసారి తెలిసింది.

కిందికి దిగి మెస్‌లో కూర్చున్నాం. ఆమె రెండుసార్లు పప్పు వేయించుకుంది. నేను అన్నం కెలుకుతూ పైన ఫోన్ వైపే చెవి పెట్టుకున్నాను. మూడున్నరకు పైన ఫోన్ మోగితే రెండేసి మెట్లు ఎక్కాను.

"చూసినాడప్పా. ఇరవై పీసులు శాంపుల్ పంపమన్నాడు. వేరేవాళ్లలో ఒకని పేజీ తెరుచుకోనే లేదంట."

కుర్చీలో కూలబడ్డాను. టేబుల్ కింద సర్వర్ కాళ్లకు వెచ్చగా తగిలింది.

"ఏమై ఉండె పొద్దున?" అని అడిగాడు మామ. అబద్ధం నాలుక దాకా వచ్చింది, మంచి నాణ్యమైనదే. కానీ అంత భారం దిగాక దాన్ని మోసే ఓపిక లేకపోయింది. కొసరు సంగతి, టోకు సంగతి మొత్తం చెప్పేశాను. ఆయన చాలాసేపు నవ్వాడు.

"పేజీ చేయించుకున్న దినం నేను ఒక నెల కొసరు అడిగితే ఇయ్యలేదు కదప్పా నువ్వు? ఇప్పుడు రెండు నెలలు ఇయ్యి."

శనివారం ఆమె వచ్చి నాలుగు మాసికలూ వేసింది. తర్వాత మిగిలిన పదింటినీ పేరు పేరునా చదివింది. "దీన్ని ఎవరైనా వాడతాండారా?" అని ఆమె, "లేదు" అని నేను. పదిసార్లు. అయిదో మాసిక ఆ వారం రాలేదు, ఆ పై వారం కూడా రాలేదు.

ఇక లెక్క. అయిదోది రానే లేదు కాబట్టి టోకు రాయితీ నాకు దక్కలేదు. నాలుగు మాసికలు చిల్లర రేటున వెయ్యి రూపాయలు. ఆమె సగం రోజు సెలవుకు నాలుగు వందలు, ఆటోకు ముప్ఫై. మామకు వదిలేసిన రెండు నెలల అద్దె ఆరు వందలు. కింద ఇంటర్నెట్ సెంటర్ యజమాని పొద్దుటి నష్టానికి ఎనిమిది వందలు అడిగాడు, ఆరు వందలకు తెగింది. అలవాటు వారం రోజుల్లో పోదు. వెరసి రెండు వేల ఆరు వందల ముప్ఫై. మాసికలు వచ్చినవి వచ్చినట్టు వేయించుకుని ఉంటే వెయ్యితో పోయేది. మంగళవారం నాడు ఆ వెతికేదాన్ని తీసేయించి ఉంటే ఆ గురువారానికి అయ్యే ఖర్చు సున్నా. పదకొండూ తీసినందుకు మాట ప్రకారం ఆమె ఏమీ తీసుకోలేదు. లైను పీకేదాకా ఆ పొద్దునంతా నా సర్వర్ వెళ్లి తట్టిన తలుపులు ఎన్నో, ఏ ఊళ్లవో, వాటిలో ఎన్ని తెరుచుకున్నాయో తెలియదు. ఆ లెక్క కట్టలేదు.