లేని బొడిపె

ఆ రోజుల్లో ఎండాకాలం వచ్చిందంటే ఊరంతా చెమటలు కక్కేది, నేను మాత్రం స్వెటరు వెతుక్కునేదాన్ని. తెలంగాణ వచ్చిన కొత్తలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ ముగించి, చౌటుప్పల్‌లో మందుల కంపెనీల మధ్య ఇరుక్కున్న ఒక చిన్న అద్దాల కార్ఖానాలో చేరాను. అక్కడ కొలతలు తీసే గదిని ఎప్పుడూ చల్లగా ఉంచాలి, నా కుర్చీ ఆ గదిలోనే. మే నెలలో రోడ్డు మీద తారు మెత్తబడుతుంటే నేను స్వెటరు చంకన పెట్టుకుని పోవడం మా కిరాయి ఇంటి అవ్వ కంట్లో పడింది. "చలిజరం వస్తాంటే చెప్తలేవేంది బిడ్డా, నడువు దవాఖానకు" అని రెక్క పట్టుకుంది. (నిజంగానే తీసుకుపోయింది. డాక్టరు నాలుక చాపమన్నాడు, చాపాను.)

మేము చేసేవి ముఖం చూసుకునే అద్దాలు కావు. కంప్యూటర్ చిప్పుల మీద సన్నటి గీతలు అచ్చువేసే యంత్రాల్లో వాడే రకం అద్దాన్ని మచ్చుకు ఒకటి చేసివ్వమని మాకు తొలిసారి ఆర్డరు వచ్చింది. అది కుదిరితే కార్ఖానా నిలబడుతుంది, లేకపోతే మా గదికి తాళమే. ఆ యంత్రంలో అద్దం వేడికి ఏ కాస్త ఉబ్బినా గీతలు పక్కకు జరిగిపోతాయి. అందుకే దానికి మామూలు గాజు పనికిరాదు. గాజును పోతపోసి, మళ్లీ నెమ్మదిగా కాల్చి, లోపల కంటికి ఆనని స్ఫటికాలు పుట్టిస్తారు. వేడి తగిలితే గాజు ఉబ్బుతుంది, స్ఫటికాలు ముడుచుకుంటాయి, మొత్తం బిళ్ల ఉన్నంతే ఉంటుంది. (మా ఇంట్లో బాపు గొంతు పెరిగినకొద్దీ అమ్మ గొంతు తగ్గేది, గొడవ వాడకు వినిపించేది కాదు. నాకు ఆ గాజు అలాగే అర్థమైంది.) తీరా విదేశం నుంచి పెట్టె వచ్చి విప్పితే బిళ్ల పలచటి చాయ్ రంగులో ఉంది. పాలిష్ పట్టే చాచా దాన్ని అటూ ఇటూ తిప్పి, "యా అల్లా, గింత దూరంకెల్లి తెప్పిచ్చింది గీ పాతసీస లెక్కున్నదాన్నా సార్?" అన్నాడు.

దాన్ని అల్యూమినియం చట్రానికి అంటించి నెలల తరబడి చాచా మెరుగుపట్టాడు, నేను వెలుతురుతో కొలిచాను. పొద్దున కొలిస్తే చక్కగా ఉండేది. మధ్యాహ్నం కొలిస్తే నడుమ చిన్న బొడిపె. మా సారు, అంటే కార్ఖానా యజమాని, నెత్తి పట్టుకున్నాడు. "వేడికి పెరగని గాజంటిరి, గిదేంది, నా పొట్ట లెక్క పెరుగుతాంది!" మనుషుల ఒంటి వేడి వల్లేమోనని ఒకరొకరినే లోపలికి పంపాడు. "కోపం చెయ్యకుండ్రి సార్, అందరికన్న పెద్ద పొయ్యి మీరే" అన్నాడు చాచా. పాపం సారు ఆ రోజు నుంచి గది బయటే నిలబడి తలుపు సందులోంచి అరిచేవాడు. నేను లోపల ఊపిరి బిగపట్టి కొలిచేదాన్ని. (ఫిజిక్స్ చదివినదాన్ని!) అయినా బొడిపె రానే వచ్చింది.

గడువు దగ్గరపడింది. "ఏదైతే గదైతది, ఆ బొడిపె తీసెయ్ చాచా" అన్నాడు సారు. చాచా అరగదీశాడు. మధ్యాహ్నం కొలిస్తే అద్దం నున్నగా, తప్పు పట్టలేనట్టు ఉంది. సాయంత్రం సారు అందరికీ మిర్చి బజ్జీలు తెప్పించాడు.

మర్నాడు పొద్దున కొలిస్తే నడుమ గుంట.

అప్పుడు గానీ ముగ్గురం కలిసి అద్దాన్ని చట్రంలోంచి ఊడదీసి చూడలేదు. మధ్యాహ్నపు ఎండకు మా పాత ఏసీ ఓడిపోయి గది ఒక పిసరు వేడెక్కేది. గాజు తన మాట మీదే నిలబడింది. దాన్ని అంటించిన అల్యూమినియం చట్రమే సాగి, అంచులు పట్టి వెనక్కి లాగితే నడుమ ఉబ్బినట్టయ్యేది. లేని బొడిపెను మేము అరగదీశాం. చుట్టూ ఉన్నదంతా ఆ గుంట దాకా దించాలంటే మళ్లీ నెలలు పడుతుంది, ఆర్డరిచ్చినవాళ్లు అందుకు ఒప్పుకోలేదు. సారు స్టూలు మీద కూర్చుని, "ఉత్తపుణ్యానికి గాజును తిట్టిన గదమ్మా" అన్నాడు. చాచా చేతులు కడుక్కోవడానికని పోయి చాలాసేపు రాలేదు. వారం తిరగకుండానే ఆ గది మూసేశారు, దాంతో నా ఉద్యోగం కూడా పోయింది.

మా ఊరు హాలియాకు వెళ్లే బస్సులో కిటికీ పక్కన కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాను. పక్క సీటు అవ్వ భయపడి, "ఏమైంది బిడ్డా, ఎవరన్న సచ్చిన్రా?" అంది.

"లేదవ్వా, అద్దం పోయింది."

"పలిగిందా?"

"పలగలే. నడుమ గుంట పడ్డది."

"ఎంత గుంట?"

వేళ్లతో చూపబోయాను. ఎంత దగ్గరికి తెచ్చినా ఎక్కువే అనిపించి, చివరికి రెండు వేళ్లూ అతుక్కుపోయాయి. అవ్వ ఆ వేళ్లకేసి, నాకేసి చూసింది.

"మొఖం కనవడ్తదా అండ్ల?"

"కనవడ్తది."

"మరి ఏడుస్తవేందే పిచ్చిదానా!" అని కొంగుముడి విప్పి గుప్పెడు పల్లీలు నా చేతిలో పోసింది. ఏడుస్తూనే తిన్నాను.

ఇప్పుడు మహబూబ్‌నగర్‌లో పిల్లలకు పాఠాలు చెప్పుకుంటున్నాను. ఆ తర్వాత అంతకన్నా పెద్దవి చాలానే పోయాయి, వాటికి ఇంట్లో తలుపేసుకుని కూడా అలా ఏడవలేదు. కంటికి కనబడని గుంట కోసం బస్సు నిండా జనం ముందు ముక్కు చీదుకున్న ఆ పిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది. దాని పక్కన కాసేపు కూర్చోవాలనిపిస్తుంది.