నాయన రక్తంలో ఆకుపచ్చ మెరుపు

నేను తిరుపతిలో పీహెచ్‌డీ చేస్తా ఉన్నప్పుడు మా ల్యాబ్‌కి ఫ్లో సైటోమీటర్ వచ్చింది. కణాలను ఒక్కొక్కటిగా లేజర్ వెలుగు ముందర నడిపించి, ఏది మెరిసిందో చూసే మిషను అది. మెరవాలంటే రంగు తగిలించిన యాంటీబాడీలు కావాల. ఆర్డరు పెట్టినాను. ఒక పొద్దున రేణిగుంట నుంచి కొరియర్ ఆయన ఫోన్ చేసి, బండి చెడిపోయింది, ఈరోజుకి రాలేమన్నాడు. పెట్టెలో చల్లదనం పోతే అంతా పాడైపోతాది.

ఆరోజు నాయన పూతలపట్టు నుంచి మామిడికాయల లోడు తెచ్చి దించేసి, ఖాళీ ఆటోతో తిరుపతిలోనే ఉన్నాడు. సంగతి చెప్పినాను.

"ఎక్కు పాపా," అన్నాడు. ఇంకేం అడగలే.

రేణిగుంట నుంచి తిరిగొచ్చేటప్పుడు థర్మోకోల్ పెట్టె నా ఒళ్లో ఉండింది. గుంత వచ్చినప్పుడల్లా నాయన "మెల్లిగా, మెల్లిగా" అని తనకు తానే చెప్పుకుంటా తోలినాడు. ల్యాబ్‌లో తెరిస్తే పెట్టె ఇంకా చల్లగానే ఉంది. లోపల చిటికెన వేలంత సీసాలు రెండు.

"ఇంతేనా? మన ఆవుకు పోసే మందు గూడా ఇంతకంటే ఎక్కువుంటాది గదమ్మే!" అన్నాడు నాయన.

నా గైడు మేడమ్ పగలబడి నవ్వినారు. మిషను సరిచూసుకోవడానికి ఆరోగ్యంగా ఉండే మనిషి రక్తం కొంచెం కావాలన్నారు. నేను నోరు తెరిచేలోపే నాయన చొక్కా చెయ్యి పైకి మడిచేసినాడు.

యూనివర్సిటీ ఆస్పత్రి నర్సమ్మ తీసిచ్చిన రక్తంలో ఆ సీసాల్లోని యాంటీబాడీలు కలిపి, వెలుతురు తగలకుండా పెట్టినాను. "తెల్లకణాల ఒంటి మీద రకరకాల ప్రోటీన్లు ఉంటాయి నాయనా. ఒక యాంటీబాడీ ఒక్క రకాన్నే పట్టుకుంటాది," అన్నాను.

"మన గొర్రెలకు రంగు పూసినట్ల."

"ఈడ మనం పూసేది లేదు. రంగే పోయి తన గొర్రెను ఎతుక్కుంటాది!"

మొదటి గొట్టం పెట్టినాను. తెర మీద ఒక్కో కణం ఒక్కో చుక్కగా కనబడతాది; ఆ చుక్కలన్నీ ఒక మూలకు ముద్దగా పడినాయి. మెరుపే లేదు.

"పాడైపోయినాయి మేడమ్!"

ఆమె గొట్టం తీసి చూసినారు. "పిచ్చిదానా, ఇది రంగు కలపనిది. పోల్చుకోవడానికి ముందర పెట్టేది ఇదే గదా!"

రెండోది పెట్టినాను. చుక్కలు కదిలినాయి. ఆకుపచ్చగా మెరిసేవి ఒక పక్కకు, నారింజ రంగువి ఇంకో పక్కకు, రెండు మబ్బులు విడిపోయినట్ల విడిపోయినాయి. నేను ఎగిరి గంతేసినాను. మేడమ్‌ని వాటేసుకున్నాను.

"అవన్నీ నావేనా?" నాయన తెరకు ముక్కు ఆనించినంత దగ్గరికి వచ్చినాడు.

"నీవే!"

"నాలో ఇంత జనం ఉండారా!" అని అప్పుడే అమ్మకు ఫోన్ కలిపినాడు. "మ్మే, నేను లోపల పచ్చగా మెరుస్తా ఉండానంట!"

"ఎండలో తిరగొద్దంటే వింటివా?" అమ్మ గొంతు గదంతా వినబడింది. "యాడన్నా నీడలో కూర్చోని మజ్జిగ తాగు!"