జీపీఎస్ ఎక్కడ తగిలించుకోవాలి?

ఆమెకు చిన్నప్పటి నుంచీ కుడిఎడమల దగ్గర తికమకే. ఎవరైనా "కుడివైపు తిరుగు" అంటే ముందు రాసే చెయ్యి ఏదో గుర్తు తెచ్చుకుని, ఆ తర్వాత తిరిగేది. పెళ్ళయిన కొత్తలో భర్త సైకిలు వెనక కూర్చుని దారి చెబుతూ, చుట్టాల ఇంటికని బయల్దేరిన మనిషిని తీసుకెళ్ళి ఆస్పత్రి గేటు ముందు దింపింది. అలాంటి ఆమెకు నీళ్ళ సరఫరా ఆఫీసువాళ్ళు కొండ మీద తిరిగే ఉద్యోగం అప్పజెప్పారు.

అంతకుముందు ఆమె ఆ ఆఫీసులోనే ఫిర్యాదుల బల్ల దగ్గర కూర్చునేది. ఫోను ఎత్తడం, జనం తిట్లు వినడం, చివరికి వాళ్ళ చేతే "సరేనమ్మా, పాపం నువ్వేం చేస్తావులే" అనిపించుకోవడం ఆమెకు బాగా అలవాటు. ఫిర్యాదులన్నీ సెల్‌ఫోన్లోనే చేసుకునే ఏర్పాటు వచ్చాక ఆ బల్ల తీసేశారు. బల్లతోపాటు ఆమెనూ ఎక్కడికో జరపాలి కదా! కొండ మీది జలాశయం నుంచి ఊళ్ళోకి దిగే పెద్ద పైపు వెంట నడిచి, గడ్డిలో మరుగుపడిపోయిన వాల్వులు వెతికి, ఒక్కోదాని దగ్గరా నిలబడి జీపీఎస్‌లో గుర్తు పెట్టే పని ఇచ్చారు. తోడుగా ఫిట్టరును పంపారు. వయసులో చిన్నవాడు, ఆమెను వదినా అని పిలుస్తాడు.

జీపీఎస్ సబ్బుపెట్టె కంటే కాస్త పెద్దదిగా ఉంది. తెర మీద పైపు దారి గీత, దిక్కు చూపే బాణం, పక్కన నాలుగు బొత్తాలు. దానికి తాడూ లేదు, తొడుగూ లేదు. మొదట్లో చేతిసంచిలో వేసుకుంటే ప్రతిసారీ దువ్వెనా, తాళాలూ, తలనొప్పి మాత్రలూ బయటికొచ్చాక గానీ అది చేతికి దొరికేది కాదు. కోటు జేబులోకి మారిస్తే, వాల్వు గుంట మీద వంగినప్పుడు బుడుంగున నీళ్ళలో పడింది. ఫిట్టరు బోర్లా పడుకుని, మోచేతిదాకా బురద చేసుకుని దాన్ని పైకి తీశాడు. అదృష్టం బాగుండి పని చేసింది.

"వదినా, దీన్ని ఒంటికి ఎక్కడైనా తగిలించుకో. రోజూ గుంటలో స్నానం చెయ్యడం నా వల్ల కాదు" అన్నాడు.

ఆ సాయంత్రం ఆమె కొండలెక్కేవాళ్ళ సామాను అమ్మే దుకాణానికి వెళ్ళింది. దుకాణదారు ఆమె ముందు ఒక్కొక్కటీ పరిచాడు. మెడలో వేసుకునే తాడు, నడుముకు కట్టే తొడుగు, కొక్కెం ఉన్న స్ప్రింగు తీగ, మణికట్టు పట్టీ, బ్యాగు భుజంపట్టీకి బిగించే క్లిప్పు, సైకిలు హ్యాండిల్‌కి మరో రకం క్లిప్పు.

"మీరు నడుస్తారా, సైకిలు తొక్కుతారా, పడవ నడుపుతారా మేడం?"

"నడుస్తానండీ."

"అయితే ఇది తీసుకోండి. నాలుగువైపులా తిరుగుతుంది."

"నేనూ నాలుగువైపులా తిరుగుతానండీ, నా గోలంతా అదే!"

అతను నవ్వలేదు. ఇంకో రెండు రకాలు తీశాడు. మెడతాడు మంచిదే కానీ వంగితే ముందుకు ఊగి రాయికి కొట్టుకుంటుందట. నడుముకైతే తెర చూడ్డానికి ప్రతిసారీ తియ్యాలట. భుజానికి పెడితే సిగ్నల్ బాగా అందుతుంది గానీ, చూడాలంటే మెడ నొప్పెడుతుందట. ఆమెకు తల గిర్రున తిరిగింది. "మా ఆయన్ని అడిగి వస్తానండీ" అని, ఏమీ కొనకుండానే బయటపడింది.

ఇంట్లో లారీ నడిపే బావగారు ఉన్నారు. సంగతి విని, తన లారీ అద్దానికి అతికించే రబ్బరు మూకుడు లాంటిది తెచ్చి చేతిలో పెట్టారు. "ఇంతకంటే గట్టిది ఉండదమ్మాయ్. అద్దానికి నొక్కితే చాలు."

"నాకు అద్దం ఎక్కడుంది బావగారూ?"

"కళ్ళజోడు ఉందిగా!"

అందరూ నవ్వారు, ఆమె కూడా నవ్వింది. భర్త మాత్రం నవ్వకుండా జీపీఎస్‌ను టేపుతో పొడవూ వెడల్పూ కొలుచుకుంటున్నాడు. ఆయన దర్జీ, తక్కువ మాట్లాడే మనిషి. పొద్దున ఆమె లేచేసరికి మిషను మీద ఒక సంచి తయారుగా ఉంది. దళసరి గుడ్డతో కుట్టి, గుండె మీద సరిగ్గా కూర్చునేలా రెండు పట్టీలు పెట్టాడు. ఎండకు వేడెక్కకుండా లోపల వెండిరంగు రేకుగుడ్డ వేశాడు. మూతకు అయస్కాంతం గుండీలు కుట్టాడు.

"ఒంటిచేత్తో తెరుచుకోవచ్చు" అన్నాడు, వేసి చూపిస్తూ.

ఊరందరికీ కుట్టే ఆయన, ఆమె ఉద్యోగం కోసమని ఏదైనా కుట్టడం అదే మొదలు. దాన్ని తగిలించుకుని వీధంతా గర్వంగా నడిచింది.

ఫిట్టరుతో కలిసి వాగు దాటి, కొండ మీద సగం దూరం వెళ్ళాక మంచు దిగింది. ముందు చెట్లు పోయాయి, తర్వాత పైపు పోయింది. ఆమె సంచి తెరిచి చూసింది. "ఉపగ్రహాల కోసం వెతుకుతోంది" అని తెర మీద ఉంది. కొంచెం బయటికి లాగి గుండెకు ఆనించి పట్టుకుంటే బాణం ఒకవైపు చూపించింది. అటు నడిచారు. మళ్ళీ చూస్తే బాణం ఇంకోవైపు ఉంది. అటు నడిచారు. కాళ్ళ కింద నేల మెత్తబడసాగింది.

"వదినా, వాగు నీళ్ళ చప్పుడు ఇటుపక్క వినబడాలి కదా?"

"ఇటుపక్కంటే ఎటు?"

ఫిట్టరు చెయ్యి చాపి, తనకే అనుమానం వచ్చి దించేశాడు. ఇంకాస్త దూరం పోయాక ఎప్పుడూ చూడని ముళ్ళకంచె ఎదురైంది. ఆమె ఆగిపోయింది. తన వెంట వచ్చిన పాపానికి ఈ కుర్రాడికేమైనా అయితే? ఏమి చెయ్యాలో పాలుపోక జీపీఎస్‌ను పూర్తిగా బయటికి తీసి, ఒక బండ మీద పెట్టి, పక్కనే చతికిలబడింది.

కాసేపటికి తెర మీద ఉపగ్రహాలు ఒక్కొక్కటే వచ్చాయి. పైపు గీత కనిపించింది. బాణం కదలకుండా నిలబడింది. ఆశగా తీసి గుండె దగ్గర పెట్టుకోగానే బాణం గిర్రుమని తిరిగింది. దూరం జరిపితే నిలబడింది, దగ్గరికి తెస్తే తిరిగింది. ఆమె అలా మళ్ళీ మళ్ళీ చేస్తుంటే ఫిట్టరు నోరు వెళ్ళబెట్టి చూశాడు.

"ఆ గుండీలు వదినా! అయస్కాంతం! లోపలి దిక్సూచిని తిప్పేస్తోంది!"

"మరి సంచి లోపల పెడితే వెతకడమే సరిపోతోందేం?"

"ఏమో. ఆ రేకు సిగ్నల్‌ని ఆపేస్తోందేమో."

ఆమెకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఇన్నేళ్ళూ దారి తప్పితే తప్పు తనదే. ఈసారి తనది కాదేమో! కానీ బయల్దేరేటప్పుడు తను చూపించి వాగు దాటించింది కూడా తప్పు చోటే కదా? ఎంత ఆలోచించినా తన వాటా ఎంతో, సంచి వాటా ఎంతో తేలలేదు. ఫిట్టరు ఆ సంచి పట్టుకుని బాగా వెనక నడిచాడు. ఆమె జీపీఎస్‌ను అరచేతిలో, ఆకాశానికి చూపిస్తూ, నిండు గిన్నె మోస్తున్నట్టు పట్టుకుని నడిచింది. మంచు విడవకముందే పైపు కాలికి తగిలింది. ఆమె దాని మీద కూర్చుని చాలాసేపు లేవలేదు.

ఇల్లు చేరేసరికి భర్త గుమ్మంలోనే ఉన్నాడు. "సంచి ఎలా ఉంది?"

బాగుందని చెప్పాలని దారి పొడుగునా అనుకుంటూ వచ్చింది. నోరు తెరిస్తే వేరే వచ్చింది. "చాలా అందంగా ఉందండీ. కొండ మీద తప్పిపోయాం."

అంతా విన్నాక ఆయన ముఖం చిన్నబోయింది. కత్తెర తెచ్చి రేకుగుడ్డ విప్పాడు, గుండీలు కోశాడు. "నువ్వు కొండ మీదే ఉండిపోతే నాకెవరు చెప్పేవాళ్ళు?" అన్నాడు, తల ఎత్తకుండానే. ఆమె పక్కన కూర్చుని దారాలు ఏరింది.

మర్నాడు ఇద్దరూ కలిసి దుకాణానికి వెళ్ళారు. స్ప్రింగు తీగా, భుజంపట్టీ క్లిప్పూ తీసుకున్నారు. ఏది ఎందుకు మంచిదో దుకాణదారు మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు. ఆమెకు ఈసారీ సగమే అర్థమైంది. క్లిప్పు వీధిలో పెట్టుకుని చూసి, బాణం తిన్నగా నిలబడ్డాకే ఇంటికి వచ్చారు. సంచిలో ఇప్పుడు విడి బ్యాటరీలు పెట్టుకుంటుంది. వానలు మొదలయ్యే లోపు వాల్వులన్నీ గుర్తు పెట్టడం పూర్తయింది. కొన్నిటిని రెండేసిసార్లు గుర్తు పెట్టిందని ఆఫీసులో అన్నారు. అవి ఏవో ఆమెకూ తెలియదు, ఫిట్టరుకూ తెలియదు.