బొటనవేలి నాడి

పాతపట్నంలో మాది కిరాణా కొట్టు. కుడి చెయ్యి ఎప్పుడూ కాటా దగ్గర పనిలో ఉంటుంది కనక, కాంపౌండరు బీపీ చూడటానికి వచ్చినప్పుడల్లా ఎడమ చెయ్యే చాపేవాణ్ణి. "నీకు లో బీపీ, సావుకారూ. మజ్జిగలో ఉప్పేసుకుని తాగు" అనేవాడు. రెండేళ్లు బుద్ధిగా తాగాను. పై అరలోంచి డబ్బాలు దించితే ఎడమ చెయ్యి బరువెక్కి కళ్లు తిరిగేవి. ఉప్పు చాల్లేదేమోనని ఇంకో చిటికెడు వేసుకునేవాణ్ణి. నాకన్నా తెలివితక్కువ మనిషి మా వీధిలో లేడు.

చివరికి శ్రీకాకుళం వెళితే, అక్కడి డాక్టరు రెండు చేతులకీ పట్టీ చుట్టి చూశాడు. కుడి చేతికి బీపీ ఎక్కువే ఉంది. ఎడమ చేతికి వెళ్లే రక్తనాళం భుజం దగ్గర సన్నబడిందట, అందుకే అక్కడ తక్కువ చూపించిందట. పెద్ద కోత అక్కర్లేదు, గజ్జల దగ్గర చిన్న రంధ్రంలోంచి సన్నటి గొట్టం పంపి, బెలూను ఉబ్బించి వెడల్పు చేస్తామన్నారు. మత్తు అక్కడి వరకే. మెలకువగా పడుకుని, ఆ గొట్టం ఎందాకా వచ్చిందోనని ఊపిరి బిగబట్టాను. చచ్చిపోతానని కాదు, చెయ్యి పోతుందని భయం. ఒంటి చేత్తో పొట్లం ఎలా కట్టాలా అని ఆలోచించాను. అంతా అయ్యాక వేళ్లలోకి వెచ్చదనం వచ్చింది. సిగ్గు లేకుండా ఏడ్చేశాను.

ఇంటికి పంపుతూ, "మళ్లీ సన్నబడొచ్చు. మణికట్టు దగ్గర నాడి రోజూ చూసుకోండి" అన్నారు. ఆ మాట నా గుండెల్లో తిష్ఠ వేసింది. నేనే చూసుకుందామంటే ధైర్యం చాలేది కాదు. ఆ పని మా ఆవిడ పెట్టుకుంది. పొద్దున్నే టీ ఇవ్వకముందే నా ఎడమ మణికట్టు పట్టుకుని, బొటనవేలితో గట్టిగా నొక్కి, కళ్లు మూసుకునేది.

"బాగా కొట్టుకుంటన్నాది. లెగండి, కొట్టు తియ్యండి."

ఆ మాట వింటేగాని నాకు మంచం దిగబుద్ధయ్యేది కాదు.

ఆరు నెలలకి మళ్లీ చూపించుకోవడానికి వెళ్లాం. చెయ్యి చల్లబడుతోందని నాకు తెలుస్తూనే ఉంది. చలికాలం కదా అని సర్దిచెప్పుకున్నాను. తను రోజూ నాడి ఎలా చూస్తుందో మా ఆవిడ నర్సుకి గొప్పగా చూపించింది. నర్సు నవ్వలేదు.

"బొటనేలితో సూడకూడదమ్మా. ఆ ఏల్లో మన నాడే కొట్టుకుంటాది. ఇన్నాళ్లూ నువ్వు సూసింది నీదే."

కాటా పళ్లెం మీద వేలు ఆనితే తూకం తేడా వస్తుందని చిన్నప్పట్నుంచీ తెలిసినవాణ్ణి, ఇది మాత్రం తట్టలేదు. నర్సు మా ఆవిడ చూపుడువేలూ మధ్యవేలూ పట్టుకుని నా మణికట్టు మీద పెట్టింది. ఆవిడ వెతికింది. కాస్త పక్కకి జరిపి మళ్లీ వెతికింది. మొహం పాలిపోయింది.

"దొరకటం లేదండీ" అంది నాతో, చిన్న గొంతుతో.

రక్తనాళం మళ్లీ సన్నబడింది. మళ్లీ గొట్టం, ఈసారి స్టెంటు కూడా. మూడేళ్లయింది, ఇప్పటికి నిలిచింది. ఇప్పుడు మా ఆవిడ రెండు వేళ్లతోనే చూస్తుంది. సరిగ్గా చూస్తుంది కనక నాడి దొరకడానికి కొంచెం టైం పడుతుంది. ఆ కాసేపూ నా ప్రాణాలు నా దగ్గర ఉండవు. మరీ భయమేసిన రోజున నేనే అడుగుతాను.

"ఒసే, ముందు బొటనేలితో సూడు. తర్వాత సరిగ్గా సూద్దువు గాని."