తలుపు దాకే చరిత్ర

మా పెద్దబాపు ఈశ్వరయ్యకు తాగుడు లేదు, పేకాట లేదు. ఉన్నదల్లా ఒకటే జబ్బు. తన లాడ్జ్ చరిత్రను కనిపించిన ప్రతి మనిషికీ చెప్పడం మొదలుపెడతాడు, సరిగ్గా రసపట్టులో ఆపేస్తాడు.

లాడ్జ్ అంటే బస్టాండు పక్కన గదులు అద్దెకిచ్చే లాడ్జ్ అనుకునేరు. ఇబ్రహీంపట్నంలో అందరూ అదే అనుకున్నారు. ఆయనేమో కిరాణా కొట్టు ముందు నిలబడి "నెలకొక్కపారి పట్నంల లాడ్జ్‌కు పోవుడు నా నియమం" అని గర్వంగా చాటేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా మా పెద్దమ్మ అనంతమ్మ కొంగు నోట్లో కుక్కుకునేది. అది ఫ్రీమేసన్ల లాడ్జ్ అనీ, తాపీమేస్త్రీల పనిముట్లను గుర్తులుగా పెట్టుకుని అన్నదమ్ముల్లా ఉంటామని ఒట్టేసుకున్న పెద్దమనుషుల సంఘమనీ, లోపల జరిగేది బయట చెప్పరనీ నేను ఎంతమందికి చెప్పి ఉంటానో! "అట్లనా" అనేవాళ్ళు, నవ్వు మాత్రం ఆపేవాళ్ళు కాదు.

పెద్దబాపు సర్వే శాఖలో పనిచేసి రిటైరయ్యాడు. ఆ రోజుల్లో ఆయన పై ఆఫీసరు ఆయన్ను లాడ్జ్‌లో చేర్పించాడు. ఒక ఏడాది పెద్దబాపే లాడ్జ్‌కు పెద్దగా కూర్చున్నాడు. అప్పటి సరంజామా అంతా ఒక నల్లటి తోలుపెట్టెలో ఉంటుంది. తెల్లటి గొర్రెతోలు ఏప్రన్, దానికి ఆకాశనీలం అంచు. మెడలో వేసుకునే నీలం పట్టీ, దానికి వేలాడే వెండి మూలమట్టం. ఒక జత తెల్ల గ్లోవ్సులు. ఆ ఏప్రన్‌ను పెద్దమ్మ కూడా ముట్టుకోవడానికి లేదు.

"నేను పోయిన్నాడు గీ ఏప్రన్ నా మీద గప్పి సాగనంపుండ్రి. గిదే నా ఆఖరి బట్ట" అని పండగపూట భోజనాల దగ్గర కూడా గుర్తుచేసేవాడు. అందరి నోట్లో బూరె ఆగిపోయేది.

ఇక చరిత్ర. అది ఎప్పుడూ ఒకేలా మొదలవుతుంది.

"నిజాం జమానాల ఒక ఇంగ్లీషు కెప్టెను, ఒక నవాబు, గడియారాలమ్మే ఒక పార్సీ సేటు గల్సి పెట్టిండ్రు మా లాడ్జ్. మూసీ పొంగినప్పుడు మా కావలాయన ఏప్రన్ల పెట్టె నెత్తిన వెట్టుకొని మెడలోతు నీళ్ళల్ల నడ్సిండు. గీ తెల్ల గ్లోవ్సులు ఎందుకో ఎర్కనా? చెయ్యి గలిపితే నవాబు చెయ్యేదో, మేస్త్రి చెయ్యేదో తెల్వద్దని. కొత్తోడొస్తే కండ్లకు గంతలు గట్టి తలుపు కాడికి తీస్కపోతరు. మూడు దెబ్బలు గొడ్తరు. తలుపు తెరుస్తరు..."

"తెరిస్తే?"

"గది బయట జెప్పొద్దు."

ఒకసారి సెలూన్‌లో ఇదే జరిగింది. సెలూనతను కత్తి గాలిలోనే ఆపి, "లోపట ఏమైతదో చెప్తేనే రెండో దిక్కు గీస్త" అన్నాడు. పెద్దబాపు లేచి, తువాలు దులిపి, సగం గడ్డంతో ఇంటికి నడిచి వచ్చాడు. గీసిన సగం మరో వారానికి గీయని సగాన్ని అందుకుంది.

రానురాను ఈ గుట్టు లాడ్జ్ దాటి ఇంట్లోకి పాకింది. "ఏం కూర దిన్నవ్ పెద్దబాపు?" అంటే "గది బయట జెప్పొద్దు." దవాఖానాలో డాక్టరు "నొప్పి ఎక్కడ?" అని అడిగితే అటూ ఇటూ చూసి, తలుపు వేయించి, అప్పుడు మోకాలు చూపించాడు.

నాకు బస్సుల రోడ్డు మీద ఫ్లెక్సీల షాపు. పొద్దస్తమానం ప్లాట్ల వెంచర్లవాళ్ళూ నాయకులూ వచ్చిపోయే చోటు. పరువు లేకపోతే నడవదు. పంద్రాగస్టు నాడు పెద్దబాపు నీలం పట్టీ మెడలో వేసుకుని జెండా దగ్గరికి వెళ్ళాడంటే, సాయంత్రం దాకా నా షాపుకు ఒకటే ప్రశ్న. "రమాకాంత్, మీ పెద్దబాపు ఏ పార్టీల జేరిండే?" ఒక పెళ్ళిలో ఏప్రన్ కట్టుకుని నిలబడితే, ఎవరో ప్లేటు చాపి "పెద్దమనిషీ, జర గడ్డపెరుగెయ్యి" అన్నారు. ఆయన మర్యాదగా గ్లోవ్సు చేత్తో గరిటె అందుకుని వేశాడు. వెనక వరస కట్టిన వాళ్ళందరికీ కూడా వేశాడు. నేను కూలర్ చాటున దాక్కున్నాను.

లాడ్జ్ వార్షికోత్సవానికి తన ఫోటోతో ఫ్లెక్సీ కొట్టమని అడిగాడు. కాదనలేక కొట్టాను, మెడ పైభాగం వరకే.

"ఏప్రన్ యాడ వాయెర?"

"మిషన్ల ఇరికింది పెద్దబాపు."

ఆయన ఆ ఫ్లెక్సీని మడిచి చంకలో పెట్టుకుని, "మంచిగున్నది తీ" అని వెళ్ళిపోయాడు.

ఇంతలో మా చెల్లె వైశాలికి యాచారం సంబంధం కుదిరింది. అబ్బాయి వికాస్ నెమ్మదస్తుడు, ఇద్దరికీ నచ్చింది. వాళ్ళింట్లో మాట మాత్రం తాత జంగయ్యది. ఆయన ఊ అంటే ఊ. వికాస్ తండ్రి శ్రీశైలం కూడా ఆయన ముందు కుర్చీలో కూర్చోడు. ఎంగేజ్‌మెంట్‌కు మూడు ఊళ్ళ చుట్టాలు వస్తున్నారు. ముందు రోజే పెద్దబాపుకు చేతులు జోడించాను.

"నీ కాల్మొక్త. పెట్టె తేకు."

"సరేర."

తెల్లారి ఫంక్షన్ హాల్లోకి పెట్టెతోనే దిగాడు. "ఇంటికి తాళమేసినం. పెట్టెకు కావలెవరు?" అన్నాడు. నేనే దాన్ని కుర్చీ కిందికి తోసి, మీద తువాలు కప్పాను.

స్టేజీ మీద ఫోటోగ్రాఫర్ ఐలేష్ జంగయ్య తాతను సోఫాలో కూర్చోబెట్టి, చుట్టూ మనుషులను మార్చి మార్చి ఫోటోలు తీస్తూనే ఉన్నాడు. "కదలకు తాతా, ఇంకొక్కటి" అనడమే తప్ప వదలడు. చివరికి తాంబూలాలు మార్చుకునే వేళ వచ్చింది. పెద్దలిద్దరూ లేచి నిలబడి పళ్ళేలు అందుకోవాలి. మా నాన్న లేచాడు.

జంగయ్య తాత లేవలేదు.

"నాయినా, లెవ్వు. తాంబూలం దీస్కో" అన్నాడు శ్రీశైలం.

"నేను లేవ."

"ఎందుకు నాయినా?"

తాత తల దించుకున్నాడు. రెండు చేతులతో కర్రను గట్టిగా పట్టుకున్నాడు. హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. "పెద్దాయనకు సంబంధం నచ్చలేదంట." "పిల్ల తరపోళ్ళు ఏదో అన్నట్టున్నరు." శ్రీశైలం మా నాన్న వైపు తిరిగి, "మీ దిక్కు ఎవలన్న మా నాయినను ఒక మాటన్నరా?" అని అడిగాడు. గొంతులో కోపం తెలుస్తూనే ఉంది. వైశాలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వికాస్ ఆమె వైపు చూడలేక నేల చూస్తున్నాడు. ఇంకో నిమిషం గడిస్తే వాళ్ళు లేచి వెళ్ళిపోయేలా ఉన్నారు.

మొదటి వరసలో కూర్చున్న పెద్దబాపు జంగయ్య తాతను ఒక్క క్షణం తేరిపార చూశాడు. ఆ వెంటనే కుర్చీ కింద పెట్టె తెరుచుకున్న చప్పుడైంది.

మెడలో నీలం పట్టీ, చేతులకు తెల్ల గ్లోవ్సులు, చేతిలో ఏప్రన్. స్టేజీ ఎక్కి మైకు లేకుండానే అరిచాడు.

"అందరు ఇనుండ్రి! ఇంత పెద్దమనిషి ఉత్తగ లేస్తడా? లాడ్జ్ మర్యాదతోని లేపాలె! నిజాం జమానా సంది వస్తున్న ఆచారం. అందరు కండ్లు మూసుకోవాలె. ఐలేషూ, కెమెరకు మూత వెట్టు! కండ్లు తెరిచినోనికి లాడ్జ్ ఒట్టు తగుల్తది!"

లాడ్జ్ ఒట్టు తగిలితే ఏమవుతుందో ఎవరికీ తెలియదు కాబట్టి హాలంతా కళ్ళు మూసుకుంది. వాళ్ళందరూ భయంతో మూసుకున్నారు, నేను సిగ్గుతో మూసుకున్నాను. భూమి నోరు తెరిస్తే బాగుండుననిపించింది. సోఫా చెక్క మీద టక్ టక్ టక్‌మని మూడు దెబ్బలు వినిపించాయి.

"ఇగ తెరువుండ్రి!"

జంగయ్య తాత నిలబడి ఉన్నాడు. ముందు రెండు చేతులతో తాంబూలం పళ్ళెం పట్టుకున్నాడు. ఏప్రన్ మాత్రం నడుముకు వెనకవైపు కట్టి ఉంది. ఇన్నేళ్ళు మాకు ఏప్రన్ పాఠాలు చెప్పిన మనిషి చివరికి దాన్ని కూడా తిరగేసి కట్టాడు. అది చాలదన్నట్టు దిగేటప్పుడు మోచెయ్యి తగిలించి, పన్నీరు చెంబును సోఫా మీద ఒలకబోశాడు. తర్వాత తాత వీపుకు పెద్దబాపు ఆనుకోగా, ఒక్కో అడుగూ ఆగి ఆగి వేస్తూ, ఇద్దరూ ఊరేగింపులా మగపెళ్ళివారి గదిలోకి వెళ్ళిపోయారు. కుర్రాళ్ళు ఈలలు వేశారు.

కాసేపటికి తిరిగి వచ్చారు. జంగయ్య తాత ఎర్రంచు పంచెలో హుందాగా వచ్చి తాంబూలం ఇచ్చాడు, పుచ్చుకున్నాడు, వైశాలి తల మీద చెయ్యి పెట్టాడు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఆ వెనకే పెద్దబాపు వచ్చాడు, నడుముకు ఫంక్షన్ హాలు టేబుల్ గుడ్డ చుట్టుకుని.

"గదేంది పెద్దబాపు?"

"గిది లాడ్జ్‌ల మూడో డిగ్రీ బట్ట. బయట జెప్పొద్దు."

ఆ రోజు మా చుట్టాలు అన్నం తిన్నదానికన్నా నవ్విందే ఎక్కువ. టేబుల్ గుడ్డ ఫోటో సాయంత్రానికి అందరి స్టేటస్సుల్లో ఉంది. ఇంటికి వచ్చేటప్పుడు కారులో నేను ఆగలేకపోయాను.

"ఇజ్జత్ దీసినవ్ పెద్దబాపు. పెండ్లికి నువ్వు గీ వేషంతోని వస్తే నేను రాను."

ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ, "సరేర. తేను" అన్నాడు. ఒళ్ళోని పెట్టె తేలిగ్గా ఉంది.

"ఏప్రన్ యాడ?"

"ఇచ్చిన."

"ఎవలికి?"

ఆయన పెట్టె మూత నొక్కి, మళ్ళీ కిటికీ వైపు తిరిగాడు.

వారం తర్వాత యాచారం ఆటో నా షాపు ముందు ఆగింది. జంగయ్య తాత ఒక్కడే దిగాడు, చంకలో గుడ్డసంచి. కూర్చోమంటే కూర్చోలేదు. షాపులో ఎవరూ లేరని రెండుసార్లు చూసుకుని నోరు విప్పాడు.

"మీ పెద్దబాపును చూసి నవ్వుతుండ్రంట గద బిడ్డా. మావోళ్ళు సుత ఫోనుల చూసి నవ్వుతుండ్రు. నాకు బువ్వ లోపటికి పోతలేదు. నేను షుగర్ మనిషిని. మీ ఫోటో పిలగాడు కదలకు తాతా, కదలకు తాతా అని అంతసేపు కూసోవెట్టిండు. ఆపుకోలేకపోయిన. పంచె తడి, సోఫ తడి. గంతమంది ముంగట లేసుడు కన్న, సంబంధం చెడగొట్టిన ముసలోడు అనిపించుకునుడే నయమనుకున్న. మనవని మొకం జూస్తే పానం గుంజుతుండె, కని కాళ్ళు లేస్తలెవ్వు. హాలంతటిల మీ పెద్దబాపు ఒక్కడే కనిపెట్టిండు. ఏప్రన్ ఎనకకు ఎందుకు గట్టిండో ఇప్పుడు ఎర్కైందా?"

ఎరుకైంది. పన్నీరు చెంబు ఎందుకు ఒలికిందో, ఎర్రంచు పంచె ఎవరిదో, టేబుల్ గుడ్డ ఎందుకు చుట్టుకున్నాడో, అన్నీ ఒక్కసారే ఎరుకయ్యాయి. ఇన్నాళ్ళూ ఆయన వల్ల సిగ్గుపడ్డాను. ఆ క్షణాన నన్ను చూసి నాకే సిగ్గేసింది.

తాత సంచిలోంచి ఏప్రన్ తీశాడు. "కోడలికి చెప్పుకోలేక నేనే సర్ఫేసి ఉతికి ఎండల ఆరేసిన. గిట్లైంది" అన్నాడు. తోలు ముడుచుకుపోయి, పసుపెక్కి, అప్పడంలా బిరుసుగా ఉంది.

తాతను బండి మీద ఎక్కించుకుని పెద్దబాపు ఇంటికి తీసుకెళ్ళాను. "నీ ఆఖరి బట్టను ఖరాబు జేసిన" అని తాత దాన్ని రెండు చేతులతో అందించాడు. పెద్దబాపు తిప్పి తిప్పి చూసి, నడుముకు ఆనించుకున్నాడు. పొట్టలో సగం కూడా కప్పలేదు.

"మంచిగున్నది. జర బరువు తగ్గింది" అన్నాడు.

"పెద్దబాపు, కారుల నేను అన్ని మాటలన్నప్పుడు నాకన్న ఒక మాట చెప్పకపోతివి?"

"ఏం జెప్పాలె?"

"తాత సంగతి."

"ఏ సంగతి? ఏం గాలె."

"అరె, నేనే చెప్పిన గదనయ్యా పిలగానికి!" అన్నాడు తాత.

"నువ్వు జెప్పుకో. నాకేం ఎర్క? అందరు కండ్లు మూసుకున్నప్పుడు నేను సుత మూసుకున్న."

లోపలి నుంచి పెద్దమ్మ వచ్చింది. "ఎర్రంచు పంచె యాడ వాయెనని వారం సంది అడుగుతున్న. బయట జెప్పొద్దు, బయట జెప్పొద్దు అనుడే! నేను బయటిదాన్నా?" అని మొదలుపెట్టి, మా ముఖాలు చూసి, చాయ్ పెట్టడానికి వెళ్ళిపోయింది.

పెళ్ళిలో జంగయ్య తాత ఎవరితోనూ చెప్పకుండా లేచి మైకు అందుకున్నాడు. జరిగింది జరిగినట్టు తనే చెప్పేశాడు. "నవ్వితే నన్ను జూసి నవ్వుండ్రి. నా బ్రదర్‌ను జూసి నవ్వేటోడు ముంగట నాతోని మాట్లాడాలె" అన్నాడు. హాలంతా నవ్వింది, తాత కూడా నవ్వాడు. కొందరు నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నారు. పెద్దబాపు ఒక్కడే నవ్వలేదు. గుట్టు బయటపడినందుకు నొచ్చుకుని ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ఆయన నడుముకు అప్పడమంత ఏప్రన్ వేలాడుతోంది.

ఆ రోజు ఫంక్షన్ హాలు గేటు దగ్గర మా షాపు కొట్టిన అన్నింటికన్నా పెద్ద ఫ్లెక్సీ నేనే కట్టాను. మెడ దాకా కాదు, తల నుంచి చెప్పుల దాకా. నీలం పట్టీ, వెండి మూలమట్టం, గ్లోవ్సులు, ఏప్రన్, దేన్నీ మిషన్‌లో ఇరకనీయలేదు.

మహేశ్వరం నుంచి వచ్చిన చుట్టమొకాయన కారు ఆపి, దాన్ని కింది నుంచి పైదాకా చూశాడు.

"రమాకాంత్, గీయన ఏ పార్టీయే?"

నేను ఛాతీ విరిచి నిలబడ్డాను.

"గది బయట జెప్పొద్దన్నా."