ముత్తమ్మకు చెప్పని ఫలితం

2006లో, వానలు వెనకపట్టే రోజుల్లో, నన్ను పాల్వంచ దాటి భద్రాచలం అడవి మొదలయ్యే చోట ఒక మండల పశువైద్యశాలకు వేశారు. నాకంటే ముందు ఆ కుర్చీ ఏడాదికి పైగా ఖాళీగా ఉంది. వైద్యశాల అంటే రెండు గదులు, ఒక ఫ్రిజ్, పశువును కదలకుండా నిలబెట్టే ఇనుప ట్రెవిస్, అటెండరు యాకూబ్. కరెంటు మాకు కూతవేటు దూరంలోనే తయారవుతుంది గానీ మా ఫ్రిజ్ దాకా సరిగ్గా వచ్చేది కాదు. వ్యాక్సిన్లు వచ్చిన రోజు యాకూబ్ కరెంటు కంపెనీ క్వార్టర్ల దగ్గరికి వెళ్లి ఐసు తెచ్చేవాడు.

చేరిన కొత్తలోనే ముత్తమ్మ వచ్చింది. అడవి అంచున ఉన్న గూడెం ఆమెది. యాభై దగ్గర పడ్డ మనిషి. ఆ గూడెంలో ఏ ఆవు ఈనడానికి కష్టపడినా ఆమెనే పిలుస్తారు. వెంట మరిది కన్నయ్య ఉన్నాడు. ఆమె గుమ్మంలోనే మెట్టు మీద కూలబడింది.

"డాక్టరమ్మా, మా గూడెంల ఆవులు ఈసుకపోతున్నయ్. ఒకటెన్క ఒకటి. ఏం రోగమో జెప్పు" అంది.

నెలలు నిండకముందే దూడ పడిపోవడాన్ని ఇక్కడ ఈసుకపోవడం అంటారు. ఎన్నో నెలలో పడుతున్నాయని అడిగాను.

"ఆషాఢంల మొదలైనయ్. ఏడు, ఎనిమిది నెలలకు. దూడకు ఎంటికలు గూడ వచ్చి ఉంటున్నయ్. మాయ పడ్తలేదు. నేనే చెయ్యి వెట్టి తీస్తున్న."

"చేతికి ఏమన్న తొడుక్కుంటవా?"

ఆమె నవ్వింది. "ఏం తొడుక్కుంటనమ్మా? ఇంత నూనె రాసుకుంట."

నేను రేపు వచ్చి పశువుల రక్తం తీసి పరీక్ష చేస్తానన్నాను. ఆ మాటకు కన్నయ్య ముఖం మాడింది.

"మల్ల నెత్తురా? శివరాత్రి ముంగట జీపుల వచ్చి అన్నిటికి తీస్కపోయిన్రు గదా. చెవులకు పచ్చ బిళ్లలు గొట్టిన్రు. రోగముంటే వచ్చి చెప్తమన్నరు. ఇగ వచ్చుడు లేదు, చెప్పుడు లేదు."

"మా వదినెనే పట్టుకున్నది అన్నిటిని" అని కూడా అన్నాడు. "ఆమె పట్టుకుంటెనే కదలవు అవి."

ఆ జీపు సంగతి యాకూబ్‌కు కూడా తెలీదు. పోస్టు ఖాళీగా ఉన్న రోజుల్లో, నగరంలోని ఒక పెద్ద పరిశోధన సంస్థవాళ్లు, మా వైద్యశాల గడప తొక్కకుండానే వచ్చి పని చేసుకుని వెళ్లారని నాకు తర్వాత తెలిసింది. నేను ఇంకా కన్నయ్యతో మాట్లాడుతూనే ఉన్నాను. ముత్తమ్మ కొంగుతో మెడ తుడుచుకుంటూ ఉంది. ఆ పూట చల్లగా ఉంది. ఆమె రవిక మాత్రం వీపంతా తడిసిపోయింది.

"జరం వస్తదా?" అని అడిగాను.

"శ్రావణం నుంచి గిదే కత. పొద్దు గూకంగనే వస్తది, తెల్లారంగనే దిగుతది. చెమటలకు చీర పిండొచ్చు. నడుము పట్టేసింది. దవాఖానాల మలేరియా గోలీలు ఇచ్చిన్రు, మింగిన. మల్ల ఇచ్చిన్రు, మల్ల మింగిన."

ఆవులకు, ఈమెకు ఒకటే జబ్బేమోనని అనుమానం వచ్చింది.

బ్రూసెల్లోసిస్ అని ఒక జబ్బు ఉంది. పశువుల్లో అది చివరి నెలల్లో గర్భస్రావం చేయిస్తుంది. పడిన దూడలో, మాయలో, ఆ నీళ్లలో కోట్లకొద్దీ క్రిములు ఉంటాయి. వట్టి చేతులతో తీసిన మనిషికి, చేతి మీది చిన్న గీరు నుంచైనా సరే, అవి ఎక్కుతాయి. పశువు నుంచి మనిషికి వచ్చే జబ్బుల్ని మా చదువులో జూనోసిస్ అంటాం. మనిషిలో ఇది వచ్చిపోయే జ్వరంగా, చెమటలుగా, కీళ్ల నొప్పులుగా కనిపిస్తుంది. అదృష్టం బాగుండి తొందరగా పట్టుకుంటే మందులకు లొంగుతుంది. ఆలస్యమైతే ఎముకల్లో దిగబడుతుంది.

మర్నాడు గూడేనికి వెళ్లాను. నేను రావద్దన్నా ముత్తమ్మ వచ్చి ఒక్కొక్క ఆవు మెడ నిమురుతూ నిలబడింది. నేను మెడ నరం నుంచి రక్తం తీశాను. గొట్టంలో రక్తం గడ్డకట్టాక పైన తేలే ఎండుగడ్డి రంగు నీళ్లను సీరం అంటారు. మాకు కావలసింది అదే. జిల్లా లేబరేటరీ నుంచి రోజ్ బెంగాల్ ఆంటిజెన్ తెప్పించాను. గులాబీరంగు మందు. తెల్లటి పలక మీద ఒక చుక్క సీరం, ఒక చుక్క ఆంటిజెన్ వేసి అగ్గిపుల్లతో కలిపి మెల్లగా ఊపాలి. జబ్బు లేకపోతే ఆ గులాబీరంగు అలాగే నున్నగా ఉంటుంది. ఉంటే, చూస్తుండగానే విరిగిన పాలలా పలుకులు పలుకులుగా విడిపోతుంది.

మొదటి చుక్కే విరిగింది. తర్వాత చాలావరకు అంతే. యాకూబ్ నా భుజం మీదుగా చూస్తూ, "ఏంది మేడం, అన్నీ గట్లనే అయితున్నయ్" అన్నాడు. ఖాయం చేసుకోవడానికి మిగిలిన సీరాన్ని పై లేబరేటరీకి పంపాను. వాళ్లూ అదే మాట చెప్పారు.

అప్పుడు నాకు ఒకటే ప్రశ్న మిగిలింది. రెండు గదుల వైద్యశాలలో ఒక పలక మీద నేను చూడగలిగినదాన్ని, ఏసీ గదుల్లో కూర్చున్నవాళ్లు చూడలేదా?

జీపులో వచ్చిన ఆ సంస్థ ప్రాజెక్టుకు పెద్దగా ఉన్నాయన నంబరు సంపాదించి పాల్వంచలో ఒక ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేశాను. ఆయన చాలా మర్యాదగా మాట్లాడాడు. ఆ మర్యాద గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

"అవునండీ, ఆ క్లస్టర్‌లో పాజిటివ్స్ చాలా ఉన్నాయి. మాకు ఉగాదికల్లా రిజల్ట్ వచ్చేసింది" అన్నాడు.

"మరి చెప్పలేదేం సార్?"

"డేటా ఇంకా జర్నల్‌లో పేపర్‌గా రాలేదు కదా మేడం. ముందే బయటికి వెళ్తే ఇబ్బంది. పైగా మాకు ఫాలో అప్ ఉంది, అవే పశువులకు మళ్లీ పరీక్ష చెయ్యాలి. వాళ్లు పశువుల్ని అమ్మేసుకుంటే స్టడీ పాడవుతుంది."

"సార్, మీకు ఆ పశువుల్ని పట్టి ఇచ్చిన మనిషి ఆషాఢంలో చచ్చిన దూడను చేత్తో లాగింది. ఇప్పుడు జ్వరంతో పడి ఉంది."

దానికి ఆయన అన్న మాట నేను మర్చిపోను.

"పాపం. కానీ హ్యూమన్ సైడ్ మా ప్రాజెక్టులో లేదండీ."

నేను ఏం అరిచానో నాకు గుర్తులేదు. గాజుతలుపు బయట ఫోన్ కోసం నిలబడ్డ షిఫ్టు కార్మికులు మాట్లాడుకోవడం ఆపి నా వైపు చూడటం మాత్రం గుర్తుంది. ఉగాదికి వాళ్లకు తెలుసు. ఆషాఢానికి ముత్తమ్మకు తెలిసి ఉంటే ఆమె ఆ దూడను ముట్టుకునేదే కాదు. కనీసం చేతికి తొడుగు వేసుకునేది. మధ్యలో ఉన్నది ఒక్క మాట. ఒక పోస్టుకార్డు మీద పట్టేంత మాట.

ముత్తమ్మను తీసుకుని సర్కారు దవాఖానాకు వెళ్లాను. అక్కడి డాక్టరు చిన్నవాడు, పనిమంతుడు. వరండా నిండా జ్వరాలే.

"మేడం, ఈ ఏరియాల జ్వరమంటే మలేరియానే. నా దగ్గర వేరే టెస్టు లేదు" అన్నాడు విసుగ్గా.

"ఈమె రక్తం స్లైడులో మలేరియా ఎప్పుడన్న కనబడిందా?"

ఆయన పాత చీటీలు తిరగేశాడు. కనబడలేదు. అయినా మందు ఇస్తూ పోయారు. నేను ఆవుల సంగతంతా చెప్పాను. ఆయన ముఖంలో విసుగు పోయింది. ముత్తమ్మను బల్ల మీద పడుకోబెట్టి వెన్ను నొక్కి చూశాడు. ఒకచోట చెయ్యి పడగానే ఆమె కెవ్వుమంది. ఆయన తనే రక్తం తీసి పెద్దాసుపత్రికి పంపాడు. వచ్చిన ఫలితం నేను అనుకున్నదే. రెండు రకాల మందులు, వారాల తరబడి, ఒక్క పూట కూడా మానకుండా వాడాలన్నాడు. కన్నయ్య ఆ బాధ్యత తీసుకున్నాడు. వదినె గోలీ మింగిందాకా ఎదురుగా నిలబడి, ఆ తర్వాతే పొలానికి పోయేవాడు.

గూడెంలో అందర్నీ కూర్చోబెట్టి ఏ ఆవుకు ఉందో, ఏ ఆవుకు లేదో వాళ్ల ముఖాన చెప్పాను. ఆవులకు దీనికి మందు లేదని, జబ్బు ఉన్నవాటిని విడిగా కట్టాలని, సంతకు తోలితే జబ్బు ఇంకో ఊరికి పోతుందని, పడిన దూడను, మాయను సున్నం వేసి లోతుగా పూడ్చాలని చెప్పాను. చేదు మాటలే. ఒక ముసలాయన, "చెప్పినవ్ గదా బిడ్డా, గంతె చాలు. ఏమైనా చేస్కుంటం" అన్నాడు. అప్పుడు నా కోపం ఇంకా పెరిగింది. భయపడతారు, అమ్మేసుకుంటారు అని ఆ పెద్దమనుషులు అనుమానపడ్డది ఈ మనుషుల్నే. గూడెం నుంచి ఒక్క పాజిటివ్ ఆవు కూడా సంతకు పోలేదు.

చలికాలంలో జీపు మళ్లీ వచ్చింది. ఫాలో అప్. అంతకుముందు వారమే జిల్లా ఆఫీసులో మా పైఅధికారి నన్ను పిలిచి, "పెద్ద సంస్థమ్మా. మనకెందుకు గొడవ? సహకరించండి" అని చెప్పి పంపాడు. నేను వెళ్లేసరికి ఆ ప్రాజెక్టు సారు ఎవరూ కుర్చీ వేయక, జీపుకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. కుర్రవాళ్లు సూదులు, గొట్టాలు బానెట్ మీద సర్దుతున్నారు. ముత్తమ్మ నులకమంచం మీద గోడకు చేరగిలబడి ఉంది. జ్వరం తగ్గింది గానీ నడుము నిలబడటం లేదు.

"మేడం, వీళ్లు పశువుల్ని పట్టనివ్వడం లేదు. మీరు చెప్తే వింటారు. ఒక్కసారి చెప్పండి" అన్నాడు ఆయన.

"ముందు మీరు చెప్పండి సార్. పోయినసారి తీసిన రక్తంలో ఏముందో వీళ్లకు చెప్పండి. తర్వాత సూది తీయండి."

"దానికి ఒక ప్రోటోకాల్ ఉంటుందండీ."

"రక్తం తియ్యడానికి లేని ప్రోటోకాల్ మాట చెప్పడానికి వచ్చిందా?" నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ఆ మంచం మీద ఉన్నది ఎవరో తెలుసా మీకు?"

ఆయన అటు చూశాడు. గుర్తుపట్టలేదు. పొద్దంతా తన పక్కనే నిలబడి, ఒక్కో ఆవునూ బుజ్జగించి పట్టి ఇచ్చిన మనిషిని గుర్తుపట్టలేదు.

ముత్తమ్మే అడిగింది. ఆమె గొంతులో కోపం లేదు. అదే నాకు మరీ కష్టమనిపించింది.

"సారూ, నీకు ఎర్కనేనట గదా. మరి ఎందుకు జెప్పలె?"

ఆయన నోరు తెరిచాడు. మేమూ మంచి కోసమే చేస్తున్నామని, పై నుంచి అనుమతి రావాలని, రేపు వ్యాక్సిన్లు రావాలంటే ఇలాంటి డేటానే కావాలని ఏదో మొదలుపెట్టాడు. వ్యాక్సిన్ల మాట అబద్ధం కాదు. పరిశోధన లేకపోతే నా చేతిలో ఆ గులాబీరంగు మందు కూడా ఉండేది కాదు. ఆ సంగతి నాకు తెలుసు. కానీ ఆమె అడిగింది అది కాదు.

కన్నయ్య ఒక్క మాట కూడా తూలలేదు. వెళ్లి దొడ్డి తడిక తీశాడు. ఆవులు ఒకటొకటిగా బయటికి వచ్చి జీపు పక్కనుంచే అడవి దారి పట్టాయి.

"పసులకు మేత యాళైంది సారు" అన్నాడు. "మీరు పోండ్రి."

జీపు ఖాళీ గొట్టాలతోనే వెనక్కి పోయింది.

తర్వాత నాకు మెమో వచ్చింది, ప్రజల్ని రెచ్చగొట్టానని. జరిగింది జరిగినట్టు రాసి ఇచ్చాను. ఎవరూ మళ్లీ అడగలేదు, నన్ను సత్తుపల్లి వైపు బదిలీ మాత్రం చేశారు. పోయేలోపు ఒక్క పని పూర్తి చేశాను. ఆడదూడలకు చిన్నప్పుడే వేసే బ్రూసెల్లా వ్యాక్సిన్ కోసం జిల్లా ఆఫీసు చుట్టూ విసిగించి విసిగించి తిరిగి, తెచ్చి, ఆ గూడెంలో వేశాను. ఇక ఆవుల ఈతలు చూడబోయే ముత్తమ్మ కోడలికి భుజం దాకా వచ్చే ప్లాస్టిక్ తొడుగులు ఇచ్చి ఎలా వేసుకోవాలో చూపించాను.

ముత్తమ్మ బతికింది. జ్వరం మళ్లీ రాలేదు. వెన్నుపూసను మాత్రం జబ్బు అప్పటికే తినేసింది. ఇంకొన్ని నెలల ముందు మందు పడి ఉంటే ఇలా అయ్యేది కాదని ఆ కుర్ర డాక్టరు నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. ఆమె ఆ తర్వాత నిటారుగా నిలబడలేదు, ఏ దూడనూ లాగలేదు.

ఆ కేసు నాకు నేర్పింది చిన్న సంగతే. రక్తం తీసుకున్నవాడు తిరిగి వచ్చి అందులో ఏముందో చెప్పాలి. ఏమీ లేకపోతే, ఏమీ లేదని చెప్పడానికైనా రావాలి. అప్పటినుంచి నేను ఎక్కడ పని చేసినా జబ్బు లేని గొర్రె యజమాని ఇంటికి కూడా వెళ్లి, "నీ గొర్రెకేం లేదు" అని చెప్పి వచ్చాను. ఇంతదూరం ఆ ఒక్క మాట కోసం వచ్చావా అని నవ్వినవాళ్లు ఉన్నారు. నా కింద శిక్షణకు వచ్చిన కొత్త డాక్టర్లకు సూది పట్టుకోవడం కంటే ముందు ఇదే చెబుతాను.

కోపం తగ్గించుకో, ఆరోగ్యానికి మంచిది కాదు అని నా తోటివాళ్లు చాలాసార్లు అన్నారు. రిటైరయ్యాక కూడా అంటున్నారు. ఈ ఒక్క కోపాన్ని మాత్రం నేను తగ్గించుకోదలచుకోలేదు.